తస్వీర్ నక్కో, తస్దీక్ చాలు

చందా అనే మాటను నేను రెండు భాషల్లో నేర్చుకున్నాను. ఉర్దూ మీడియం బడిలో అది మస్జిద్ చందా, మద్రసా చందా. తెలుగు డిగ్రీలో చేరాక పత్రిక చందా, వినాయక చవితి చందా. మాట ఒకటే. రసీదు పుస్తకం కూడా ఒకటే. పదిమంది తలా కాస్త వేస్తే పెద్ద పని అవుతుందన్న భరోసా కూడా ఒకటే. ఇప్పుడు దానికే క్రౌడ్‌ఫండింగ్ అని కొత్త పేరు. హుజూమ్ దగ్గర, అంటే గుంపు దగ్గర, నెట్ మీద పోగుచేసే సొమ్ము. ఆ పని షరీఅత్ హద్దుల్లో జరిగితే ఇస్లామిక్ క్రౌడ్‌ఫండింగ్ అంటున్నారు.

కొన్ని నెలలుగా దీని మీద జరిగిన తహఖీఖ్, అంటే పరిశోధన పత్రాలు, దొరికినన్ని చదువుతున్నాను. కారణం నా ఫోనే. రమజాన్ నెల వచ్చిందంటే అప్పీళ్ల వరద. పసిబిడ్డ గుండె ఆపరేషన్, ఆటో నడిపే తండ్రి డయాలసిస్, పెళ్లి ఆగిపోయిన అమ్మాయి. ప్రతి అప్పీలులో ఒక ముఖం, కన్నీళ్లు, కింద క్యూఆర్ కోడ్. ఈ ముఖాల వెనక ఏం జరుగుతుందో పండితులు ఎవరైనా పరిశీలించారా అని వెతికాను. కొంత దొరికింది. దొరకని భాగమే ఎక్కువగా మనసులో మెదులుతోంది.

ముందు దొరికింది చెబుతాను.

ఈ వ్యవహారంలో మూడు దారులున్నాయి. మొదటిది దానం దారి. జకాత్, సదఖా, వక్ఫ్ ఇందులోకి వస్తాయి. ఇచ్చినవాడు సొమ్ము తిరిగి ఆశించడు. రెండోది ఖర్జె హసనా. అప్పు ఇస్తారు, సూద్ తీసుకోరు, అసలు మాత్రం వెనక్కి వస్తుంది. మూడోది భాగస్వామ్యం. ముషారకా, ముదారబా అని ఫిఖ్ గ్రంథాల్లో వందల ఏళ్లుగా ఉన్న ఒప్పందాలు. ముషారకాలో అందరూ డబ్బు పెడతారు, లాభం ఒప్పందం ప్రకారం, నష్టం పెట్టుబడి నిష్పత్తిలో పంచుకుంటారు. ముదారబాలో ఒకరు డబ్బు పెడతారు, ఇంకొకరు శ్రమ పెడతారు.

మొదటి దారిలో అందరికీ తెలిసిన పేరు అమెరికాలో 2013లో మొదలైన లాంచ్‌గుడ్. 2018లో పిట్స్‌బర్గ్‌లో యూదుల ప్రార్థనా మందిరం మీద కాల్పులు జరిగినప్పుడు బాధిత కుటుంబాల కోసం ముస్లిములు రెండు లక్షల డాలర్లకు పైగా పోగుచేసింది ఈ వేదిక మీదే. ఇండోనేషియాలో అదే 2013లో వచ్చిన కితాబీసా పుస్తకం మాట కాదు, ఆ భాషలో ‘మనం చేయగలం’ అని అర్థం. మూడో దారిలో సింగపూర్‌లో 2014లో పుట్టిన ఎథిస్, ఇండోనేషియాలో తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్ల నిర్మాణానికి పెట్టుబడులు సేకరించింది. మలేషియా 2015లోనే ఈక్విటీ క్రౌడ్‌ఫండింగ్‌కు నియమాలు తెచ్చింది. ఆగ్నేయాసియాలో ఆ పని చేసిన మొదటి దేశం అదే.

అందుకే పరిశోధన కూడా ఎక్కువగా మలేషియా, ఇండోనేషియా విశ్వవిద్యాలయాల నుంచే వస్తోంది. తొలి పత్రాలు ఇది జాయిజా కాదా, ఏ అఖ్ద్ కింద, అంటే ఏ ఒప్పందం కింద నడవాలి అని చర్చించాయి. తర్వాత వక్ఫ్ మీదకు దృష్టి మళ్లింది. మలేషియాలో వక్ఫ్ భూములు చాలా ఉన్నాయి, వాటిని వాడుకలోకి తెచ్చే నగదు లేదు. ప్రజల దగ్గర చిన్న చిన్న మొత్తాలు పోగుచేసి ఆ భూముల్ని లేపవచ్చా అని నమూనాలు తయారుచేశారు. మన హైదరాబాద్‌లోనూ, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వక్ఫ్ భూముల హాల్ తెలిసినవాళ్లు ఆ పత్రాలు చదివితే నిట్టూర్చకుండా ఉండలేరు. కోవిడ్ తర్వాత జకాత్, సదఖా వైపు గాలి మళ్లింది. ఇప్పుడు బ్లాక్‌చెయిన్ మాట వినిపిస్తోంది. ఏ పైసా ఎక్కడికి పోయిందో చెరపలేని ఖాతాలో రాసి పెట్టవచ్చని ఆశ.

వీటన్నిటి మధ్య ఒక రకం పత్రాలు పుట్టగొడుగుల్లా ఉన్నాయి. ప్రశ్నల ఫారం పంచుతారు. మీరు ఫలానా వేదిక మీద దానం చేస్తారా? వేదికను నమ్ముతారా? వాడటం సులువుగా ఉందా? మీ దీన్‌దారీ ఎంత? ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమంటారు. లెక్కలు కడతారు. నమ్మకం ఉంటే దానం చేసే ఉద్దేశం పెరుగుతుందని తేలుస్తారు. దీనికి వాడే చట్రాల్లో ఒకటి టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికన్ పరిశోధకుడు దాన్ని ప్రచురించాడు. ఉద్యోగులు కొత్త కంప్యూటర్ ప్రోగ్రాములను వాడతారా, పక్కన పడేస్తారా అని అంచనా వేయడానికి పుట్టిన కొలబద్ద అది. ఇప్పుడు దానితో సదఖాను కొలుస్తున్నారు.

కొలవడం తప్పని నేను అనను. కానీ ‘ఉద్దేశం’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఉర్దూలో రాసేవాళ్లు దాన్ని నియ్యత్ అనేస్తారు. మొహల్లా మద్రసాలో మౌల్వీ సాబ్ నేర్పిన నియ్యత్ వేరు. నమాజుకు నిలబడే ముందు, రోజా పెట్టే ముందు, జకాత్ తీసే ముందు మనసులో ఎవరి కోసం, ఎందుకోసం అని నిశ్చయించుకోవడం నియ్యత్. అది ఇచ్చేవాడికీ అల్లాకూ మధ్య సంగతి. ఫారం అడిగేది వేరు. ఇతను బటన్ నొక్కుతాడా, నొక్కడా అన్నదే దాని లెక్క.

ఇక దొరకని భాగం. నేను చదివిన పత్రాల్లో ఎక్కువ భాగం ఇచ్చేవాడినే అడుగుతాయి. ఇంకొన్ని వేదిక నడిపేవాడిని అడుగుతాయి. తీసుకున్నవాడి గుమ్మం తొక్కిన పత్రాలు చాలా అరుదు. నీ బిడ్డ ఫొటో లక్షమంది ఫోన్లలో తిరిగింది కదా, డబ్బు వచ్చాక నీకేమనిపించింది? మొహల్లాలో మునుపటిలాగే సలాం చేస్తున్నారా? ఈ ప్రశ్నల ఫారం నాకు కనిపించలేదు.

విలేకరి వృత్తిలో ఉన్నవాడికి ఈ ప్రశ్న కొత్త కాదు. నెట్ రాకముందు తెలుగునాట క్రౌడ్‌ఫండింగ్ వేదిక పత్రికే. జిల్లా పేజీలో ‘దాతల సాయం కోసం ఎదురుచూపు’ అని శీర్షిక, మంచం మీద రోగి ఫొటో, కింద బ్యాంకు ఖాతా నంబరు. కర్నూలులో పనిచేసిన రోజుల్లో అలాంటి వార్తలు వారానికి ఒకటైనా పంపేవాడిని.

ఒకసారి ఒక ఖాలా వచ్చారు. భర్త ఉర్దూ బడిలో టీచరుగా రిటైరయ్యారు. రెండు కిడ్నీలూ పోయాయి. పింఛను డయాలసిస్‌కు చాలడం లేదు. మడత నలగని నల్ల బుర్ఖా, చేతిలో ఆస్పత్రి కాగితాలు తేదీల వారీగా పేర్చిన ఫైలు. సఫేద్‌పోష్ ఖాందాన్ అంటే ఇదే. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా వీధిలోకి తెల్లబట్టలతోనే వచ్చే మనుషులు. అన్నీ చెప్పారు. ఫొటో మాట వచ్చేసరికి చేయి అడ్డం పెట్టారు.

“సబ్ లిఖ్ దేవ్ బేటా, తస్వీర్ నక్కో. బేటీ కీ బాత్ చల్‌రీ.”

అన్నీ రాయి నాయనా, ఫొటో మాత్రం వద్దు, అమ్మాయికి సంబంధం మాట్లాడుతున్నాం అని. ఆ ఒక్క మాటలో ఉన్న లెక్క ఏ సర్వేలోనూ లేదు. భర్త ప్రాణం ఒక పక్క, కూతురి నిఖా ఇంకో పక్క. మస్జిద్ ముందు చేయి చాచిన ఇంటి పిల్ల అని ఒక్కసారి ముద్ర పడితే వచ్చే సంబంధం గుమ్మం దాకా రాదు.

ఫొటో లేకపోతే పాఠకుడు నమ్మడని డెస్క్ అంది. వాళ్ల వైపు నుంచి అది నిజమే. చివరికి మస్జిద్ ఖతీబ్ సాబ్, ఆయనతో కలిసి పనిచేసిన ఇద్దరు టీచర్లు కాగితం మీద దస్తఖత్ చేశారు. ఈ మనిషిని మేమెరుగుదుం, అవసరం నిజం అని. ఆ ముగ్గురి సంతకాల మాట రాసి, డబ్బు ఆస్పత్రి పేరుతో డీడీ తీయాలని రాసి, పేరు పొడి అక్షరాలతో నాలుగు వాక్యాల వార్త వేశాం. అదే వారం ఫొటోతో వచ్చిన ఇంకో వార్తకు వచ్చినంత డబ్బు దీనికి రాలేదు. కానీ ఆ టీచర్ల ద్వారా విషయం తెలిసిన పాత శిష్యులు నెలనెలా డయాలసిస్ ఖర్చు పంచుకున్నారు. మాస్టరు సాబ్ ఇంకో రెండేళ్లు బతికారు. కూతురి నిఖా చూశారు.

ఇది నా కథ కాబట్టి చెప్పడం లేదు. ఆ ఖాలా అడిగింది దీన్‌లో ఉన్నదే కాబట్టి చెబుతున్నాను. సూరా బఖరాలో దానం గురించి చెప్పే ఆయతుల్లో రెండు సంగతులున్నాయి. బాహాటంగా ఇవ్వడం మంచిదే, రహస్యంగా బీదలకు అందించడం ఇంకా మంచిదని ఒకటి. అడగడానికి మొహమాటపడేవాళ్లుంటారు, తెలియనివాడు వాళ్లను ఉన్నవాళ్లే అనుకుంటాడు, అలాంటివాళ్లను గుర్తుపట్టి ఇవ్వమని ఇంకొకటి. వెతుక్కుంటూ వెళ్లాల్సిన జిమ్మెదారీ ఇచ్చేవాడిది. మన ఫోన్లలో తంతు దీనికి తలకిందులు. ఎవరు ఎక్కువ ఏడిస్తే వాళ్ల వీడియో ఎక్కువ దూరం పోతుంది. ఏడవడం రానివాడు, ఏడవలేనివాడు ఆఖర్న ఉండిపోతాడు. ఖురాన్ ముందు చూడమన్నది వాడినే.

దీనికి అవతలి పక్షం వాదన కూడా బలమైనదే. ముఖం లేకపోతే మోసం ఎలా పట్టుకుంటాం? ఈ భయానికి ఆధారాలున్నాయి. ఇండోనేషియాలో ఏసీటీ అనే పెద్ద సేవాసంస్థ విరాళాల్లోంచి సగటున 13.7 శాతం తన ఖర్చులకు తీసుకుంటోందని 2022లో తేలింది. అక్కడి నిబంధన ప్రకారం 10 శాతం దాటకూడదు. ప్రభుత్వం దాని వసూళ్ల అనుమతి రద్దు చేసింది. మన దగ్గర 2018, 2019 సంవత్సరాల్లో హలాల్ పెట్టుబడి పేరు చెప్పుకున్న కంపెనీలు హైదరాబాద్‌లో, బెంగళూరులో కూలిపోయాయి. గల్ఫ్‌లో చెమటోడ్చిన సొమ్ము, మెహర్ సొమ్ము, హజ్ కోసం దాచిన సొమ్ము పోయినవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు. దాని తర్వాత ఇస్లామిక్ అన్న మాట ముందు తగిలించిన ఏ పథకాన్ని చూసినా జనం ఉలిక్కిపడటంలో ఆశ్చర్యం లేదు. అమానత్‌లో ఖియానత్ జరిగిన చోట రుజువు అడగడం హక్కు.

అయితే ఆ మోసాల్లో ఎక్కడా బీదవాడి ముఖం దాగి ఉండటం వల్ల నష్టం జరగలేదు. డబ్బు పట్టుకున్నవాడి ఖాతా దాగి ఉండటం వల్ల జరిగింది. మనం రుజువు అడుగుతున్న చోటు తప్పు. ఖాతా చూపించమని వేదికను అడగాల్సిన బదులు, గాయం చూపించమని రోగిని అడుగుతున్నాం.

రుజువు ఎలా అడగాలో నేర్పే హదీసు సహీ ముస్లింలో ఉంది. అప్పు బాధ్యత మీద వేసుకుని సాయం కోసం వచ్చిన ఖబీసా (రజి) అనే సహాబీకి ప్రవక్త (స) చెప్పిన మాట. ముగ్గురికే అడగడం జాయిజ్. ఇతరుల మధ్య రాజీ కోసం అప్పు నెత్తిన వేసుకున్నవాడు, ఆపద వచ్చి ఆస్తి తుడిచిపెట్టుకుపోయినవాడు, పస్తుల పాలైనవాడు. మూడోవాడి విషయంలో అతని జనంలోని ముగ్గురు వివేకవంతులు సాక్ష్యం చెప్పాలి. చూడండి, రుజువు ఉంది. గట్టి రుజువే. కానీ ఆ రుజువు అతన్ని ఎరిగిన ముగ్గురి నోటి మాట. వీధి మొత్తం ముందు అతను నిలబడనక్కర్లేదు. ధార్మిక ఉర్దూలో చేయి చాచి అడగడాన్ని సవాల్ చేయడం అంటారు. తెలుగులో సవాల్ అంటే సవాలే. బీదవాడు అడిగినప్పుడు ఆ సవాల్ నిజానికి మనకే అని నాకనిపిస్తుంది.

ఈ పద్ధతి మనకు తెలియనిదేం కాదు. రమజాన్‌లో ఊరూరా తిరిగే మద్రసా సఫీర్ జేబులో తస్దీక్‌నామా ఉంటుంది. ఫలానా మద్రసా ఉంది, ఇంతమంది పిల్లలున్నారు, మేం చూశాం అని పెద్దలు రాసిచ్చిన ధ్రువపత్రం. పిల్లల్ని వెంటేసుకుని ఎవరూ తిరగరు. మన మస్జిద్ కమిటీల రిజిస్టర్లలోనూ ఎవరి ఇంటికి నెలకు ఎంత బియ్యం పోతుందో ఇద్దరు ముగ్గురికే తెలుస్తుంది.

జకాత్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. హనఫీ ఫిఖ్‌లో తమ్లీక్ లేనిదే జకాత్ అదా కాదు. తమ్లీక్ అంటే బీదవాడిని ఆ సొమ్ముకు మాలిక్‌ను చేయడం. అందుకే జకాత్ సొమ్ముతో మస్జిద్ కట్టకూడదంటారు. ఇప్పుడు వేదిక మీద ‘జకాత్ ఇవ్వవచ్చు’ అన్న ముద్ర చూసి మనం డబ్బు వేస్తాం. అది వేదిక ఖాతాలోకి, అక్కడి నుంచి ఆస్పత్రి ఖాతాలోకి వెళ్తుంది. రోగి ఎప్పుడు మాలిక్ అయ్యాడు? ఉలమా దీనికి వకాలత్ అనే దారి చూపిస్తారు. నా తరఫున తీసుకుని నా బిల్లు కట్టండి అని రోగి ముందే వేదికను వకీల్‌గా నియమించుకోవాలి. ఇది కాగితం మీద చిన్న సంతకమే. కానీ ఆ సంతకంతో రోగి దయ కోసం ఎదురుచూసే శరీరం స్థానం నుంచి సొమ్ముకు యజమాని స్థానానికి వస్తాడు. తన ఫొటో వాడాలా వద్దా అని చెప్పే హక్కు కూడా యజమానికి సహజంగా వస్తుంది. ఫిఖ్‌లో ఇంత సున్నితమైన ఆలోచన ఉండగా, తమ్లీక్‌ను సాంకేతిక షరతుగా దాటేసే పత్రాలు చూస్తే అఫ్సోస్ కలుగుతుంది.

మన దేశంలో ఈ ఇజ్జత్ సమస్య ఇంకా ముదరడానికి చట్టం కూడా ఒక కారణం. పైన చెప్పిన మూడు దారుల్లో ఇక్కడ నెట్ మీద బాహాటంగా నడిచేది దానం దారి ఒక్కటే. భాగస్వామ్యం దారి గురించి సెబీ 2014లో చర్చాపత్రం వెలువరించింది. 2016లో మాత్రం, నెట్ వేదికల ద్వారా పెట్టుబడులు సేకరించడానికి అనుమతి లేదని హెచ్చరించింది. వడ్డీ లేని బ్యాంకింగ్ గురించి రఘురామ్ రాజన్ కమిటీ 2008లో సిఫారసు చేసింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లడం లేదని రిజర్వ్ బ్యాంక్ 2017లో తేల్చింది. దాని ఫలితం ఇలా ఉంటుంది. కౌలాలంపూర్‌లో చిన్న దుకాణదారుడు జనం ముందుకు షరీక్‌గా వెళ్లగలడు. నా వ్యాపారంలో వాటా తీసుకోండి, లాభం పంచుకుందాం అని తలెత్తి చెప్పగలడు. మన చార్మినార్ దగ్గర గాజుల బండి మనిషి ఆ దారిన వెళ్లలేడు. అతను నెట్‌లో జనం ముందుకు వెళ్లాలంటే ముహ్తాజ్‌గానే వెళ్లాలి. దుకాణం కాలిపోవాలి, లేదా బిడ్డకు జబ్బు చేయాలి.

నడుమ ఉన్నది ఖర్జె హసనా దారి. అది నెట్ కన్నా ముందు నుంచీ మన దగ్గర ఉంది. గత శతాబ్దం మొదటి సగంలోనే హైదరాబాద్ సంస్థానంలో ఉద్యోగులు చిన్న చిన్న మొత్తాలు కూడబెట్టి తోటివాళ్లకు వడ్డీ లేకుండా అప్పిచ్చే అంజుమన్‌లు నడిపారు. ఈ ప్రయోగాల గురించి ప్రపంచానికి చెప్పినవాడు మన హైదరాబాదీయే. 1908లో ఇక్కడ పుట్టి, ఉస్మానియాలో ఉర్దూలో చదివి, 1948 తర్వాత పారిస్‌లో స్థిరపడిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. ఇస్లామీ ఆర్థిక ఆలోచనకు, ఆచరణకు హైదరాబాద్ చేసిన సేవ మీద 1955లో ఆయన రాసిన వ్యాసం యూరప్ పరిశోధన పత్రికలో వచ్చింది. ఇవాళ క్రౌడ్‌ఫండింగ్ మీద రాసేవాళ్లు కాలిఫోర్నియా దగ్గర మొదలుపెట్టి కౌలాలంపూర్ దగ్గర ఆగుతున్నారు. అఫ్జల్‌గంజ్ దారి వాళ్లకు తెలియదు. తెలియజేయాల్సిన మనం ఆ ఉర్దూ కాగితాలను చెదలకు వదిలేశాం.

ఆ అంజుమన్ లాంటి చోట అప్పు తీసుకున్నవాడు సభ్యుడు. ఈ నెల తీసుకుంటాడు, వచ్చే ఏడాది అతని వాటా ఇంకొకరికి పోతుంది. పాకిస్తాన్‌లో 2001లో డాక్టర్ అమ్జద్ సాఖిబ్ మొదలుపెట్టిన అఖువత్ సంస్థ మస్జిదులో కూర్చోబెట్టి వడ్డీ లేని అప్పులిస్తుంది. తీసుకున్నవాళ్లే తర్వాత ఇచ్చేవాళ్లు కావాలన్నది దాని ఆలోచన. మన దేశంలో ఢిల్లీ కేంద్రంగా సహూలత్ మైక్రోఫైనాన్స్ సొసైటీ వడ్డీ లేని సహకార సంఘాలను ప్రోత్సహిస్తోంది. వీటిలో వీడియోలు లేవు, వైరల్ లేదు. ఎవరో తెలిసినవాళ్లు జమానత్ ఉంటారు, ఖాతా పుస్తకం తెరిచి ఉంటుంది, అంతే.

ఈ అంశం మీద పీహెచ్‌డీ చేయాలనుకునే పిల్లలు ఉస్మానియాలో, మనూలో ఎవరైనా ఉంటే వాళ్లకు నాదొక దరఖాస్తు. ఇచ్చేవాళ్లకు ఇంకో ఫారం పంచకండి. ఆ పని చాలా జరిగింది. గత రమజాన్‌లో వీడియో వైరల్ అయిన పాతిక ఇళ్లకు వెళ్లండి. డబ్బు ఎంత చేరింది, ఎవరు ఎంత కోసుకున్నారు అడగండి. ఆ తర్వాత చాయ్ తాగి నిదానంగా అడగండి. ఫొటో పెట్టేముందు మిమ్మల్ని అడిగారా? ఆ వీడియో ఇంకా తిరుగుతోందా? పిల్లలు బడిలో ఏం విన్నారు? ముఖం చూపించకుండా ముగ్గురి తస్దీక్‌తో ఇదే సాయం వచ్చి ఉంటే ఎంచుకునేవారా, తక్కువ వచ్చినా సరే?

మనలాంటి మామూలు మనుషులు చేయగలిగింది కూడా ఉంది. తర్వాత వచ్చే అప్పీలులో రోగి ముఖం కనిపిస్తే దాన్ని ఇంకో పది గ్రూపులకు పంపకముందు ఒక ఫోన్ చేద్దాం. ఆస్పత్రికి, లేదా ఆ మొహల్లా ఇమామ్ సాబ్‌కు. నిజమని తేలితే ముఖం తీసేసి, తస్దీక్ చేసినవాళ్ల పేరు పెట్టి పంపుదాం. డబ్బు పట్టుకున్నవాడిని మాత్రం నెల తిరిగేలోగా హిసాబ్ అడుగుదాం.